నలభై ఒక్క శాతం

మేనమామ పోయాడన్న ఫోను వచ్చేసరికి నా కారు బ్యాటరీలో నలభై ఒక్క శాతం ఉంది. ఆదివారం, ఉదయం పదకొండు. మలేషియాలోని సైబర్‌జయలో నేనుండే అపార్ట్‌మెంటులో ఛార్జింగు లేదు. సోమ, గురువారాల్లో ఆఫీసులో పెట్టుకుంటాను, అదీ ఎనభై శాతం వరకే. నిండా ఎక్కిస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుందని ఎక్కడో చదివినవాణ్ని. పదేళ్లు మన్నాలని చూసుకున్నానే గాని, ఒక ఆదివారం ఉన్నపళంగా బయలుదేరవలసి వస్తుందని అనుకోలేదు.

తెలుక్ ఇంటాన్ నుంచి ఫోను చేసింది మామ కొడుకు. తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయాడట, ఇంటికి తెచ్చారట.

"అత్తని ఎంటనే తీసుకురా. నాలుగున్నరకి రాహుకాలం. ఈలోపే ఎత్తేస్తారు."

అమ్మ ఉండేది బంటింగ్‌లో. ఆమెకు ఒక్కడే అన్న. మా ఇళ్లలో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. అన్న ముఖం చూడాలంటే శవం గడప దాటకముందే చేరాలి.

లెక్క వేశాను. ఒకటి, అమ్మను ఎక్కించుకునేసరికి పన్నెండు. రెండు, తీరం వెంట రోడ్డు దగ్గరే గాని, ఆ దారిలో వేగంగా ఎక్కించే ఛార్జర్లు నాకు తెలిసి లేవు. హైవే మీదుగా రెండు వందల ముప్పై కిలోమీటర్లు. మూడు, అప్పటికి కారు వెళ్లగలిగేది నూట ముప్పై. నాలుగు, దారిలో ఒకచోట అరగంట ఛార్జింగు. చేరేది మూడు ఇరవైకి. గంటా పది నిమిషాలు మిగులు.

హైవే పక్కన ఆగేచోట రెండు ఛార్జర్లున్నాయి. ఒకటి పనిచేయక, ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది. రెండోదానికి ఒక కారు తగిలించి ఉంది. దాని వెనక ఇంకో కారు, ఆ వెనక మేము.

"ఆలని అడగరా. మా అన్న పోయినాడని సెప్పు. ముందు ఇత్తారు."

"టైముందమ్మా. లెక్క సూసినాను."

"లెక్క ఎవడికి కావాల? అడుగు."

అడగలేదు. ముందున్నవాళ్లను తప్పుకోమనడం నాకు చేతకాదు. మొదటి కారు నలభై నిమిషాలు తీసుకుంది. రెండో కారాయన ఛార్జింగు పెట్టి హోటల్లోకి వెళ్లాడు. ఇంకో నలభై ఐదు నిమిషాలు పోయాయి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నా లెక్కలోని మిగులులో ఒక్క నిమిషం కూడా లేదు.

ఆయన తిరిగొచ్చి, అమ్మను చూసి, ఏమైందని మలయ్‌లో అడిగాడు. చెప్పాను.

"ముందే చెప్పాలి గదా తమ్ముడూ. నాకు ఇల్లు చేరేంత ఉంది. తినడానికి ఆగాను, ఊరికే తగిలించాను."

అమ్మకు మలయ్ వచ్చు. ఆమె నా వైపు చూడలేదు.

అరగంట ఛార్జింగు పెట్టుకుని మూడుంబావుకు కదిలాం. హైవే దిగేలోపే వాన పట్టుకుంది, వేగం తగ్గించాను. నాలుగు ఇరవైకి మామ కొడుకు మళ్లీ ఫోను చేశాడు.

"ఆగడానికి పంతులు ఒప్పుకోవట్లేదు. శవం పెట్టె మూసేస్తన్నారు."

అమ్మ ఫోను లాక్కుంది. "పావుగంట ఆపు నాయనా. వచ్చేస్తన్నాం." అటువైపు మేళం మోతలో ఆమె మాట అతనికి వినబడలేదు.

మేం చేరేసరికి నాలుగు యాభై. మామ ఇంట్లో ఆడవాళ్లు నేల కడుగుతున్నారు. నీళ్లు వాకిట్లోకి వస్తున్నాయి. అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

"నువ్వెల్లు. నువ్వైనా సూసి రా."

నేను శ్మశానం చేరేసరికి పెట్టెను దహనం చేసే కొలిమి లోపలికి తోసేశారు. ఇనుప తలుపు వేసి ఉంది. దాని ముందు కాసేపు నిలబడి వెనక్కి వచ్చాను. అమ్మ గేటు బయటే ఉంది.

"మొకం ఎలగున్నాది?"

"సూడలేదమ్మా."

ఆమె గేటు ముందునుంచి పక్కకు జరిగింది. "పో, తల మీద నీల్లు పోసుకో" అంది.