దిగువ నుంచి చూడని గుర్రం

కుసుమపుట్టు వాళ్ళు గుర్రాన్ని ఎంచుకోవాలంటే చదును నేల మీద నిలబెట్టరు. కొండ మీంచి కిందికి తోలుతారు. ఎంచేవాడు దిగువన, వాగు పారే గెడ్డ పక్కన నిలబడి పైకి చూస్తాడు. దారి మెలిక తిరిగేచోట గుర్రం పక్కకి మళ్ళుతుంది కదా, అప్పుడు వెనక కాళ్ళు కనబడతాయి. వాటిని బాగా మడిచి, పిర్రల మీద కాస్త కూలబడుతూ, గిట్ట ఎక్కడ ఆనించాలో చూసుకుంటూ దిగితే అది పనికొచ్చే గుర్రం. బిగుసుకుపోయి దిగితే, ఎంత నిగనిగలాడుతున్నా దాని మొహం ఎవరూ చూడరు.

ఆ ఊళ్ళో అలా చూసి చెప్పే మనిషి గాసి. వాళ్ళ నాన్నా ఆ పనే చేశాడు. గాసి గెడ్డ పక్కన నిలబడి తలూపితే ఆ గుర్రాన్ని ఉంచుకుంటారు, పెదవి విరిస్తే సంతకి తోలేస్తారు. ముంచింగిపుట్టు నుంచి వచ్చే జీపు ఆగిపోయే చోటు దాటాక ఊరికి అంతా ఎక్కుడే. కోటా బియ్యం గుర్రం మీదే రావాలి, కాఫీ గింజలు గుర్రం మీదే పోవాలి. నెలలు నిండిన ఆడమనిషిని దింపాలన్నా గుర్రమే దిక్కు. అందుకే గాసి తలూపడం అంటే చిన్న విషయం కాదు. ఆ సంగతి అందరికంటే గాసికే బాగా తెలుసు. తెలిసీ చేశాడు, అదే కదా ఏడుపు.

అప్పట్లో ఊరి ఆడగుర్రాలన్నిటికీ ఒకటే పోతు, పొట్టోడు. పేరుకి తగ్గట్టే పొట్టి. మెడ లావు, పొట్ట జారుడు, చెవులు రెండూ రెండు దిక్కులకి. వానాకాలం రాళ్ళ మీద పాచి పట్టినప్పుడు మనుషులు చతికిలబడేచోట వాడు బియ్యం బస్తాలతో తాపీగా దిగిపోయేవాడు. వాడి పిల్లలన్నీ అలాగే పుట్టేవి, అనాకారిగా, గట్టిగా.

చలికాలం వస్తే గాసి పొట్టోణ్ణి అరకు తోలుకుపోయేవాడు. టూరిస్టుల పిల్లల్ని ఎక్కించుకుని తిప్పితే ఇంటి ఖర్చులకి ఆసరా. ఒక ఏడు అక్కడ ఒక రిసార్టు వెనక మైదానంలో గుర్రాల అందాల పోటీ పెట్టారు. ముగ్గులూ, మైకులూ, పూలదండలూ, గుర్రాలకి కాదు, పెళ్ళికూతుళ్ళకి చేసినట్టే చేశారు. గాసి కూడా సరదాపడి పొట్టోడి జూలు దువ్వి, ఎర్ర గుడ్డ కట్టి వరసలో నిలబెట్టాడు.

మైకు పట్టుకున్నవాడు పొట్టోడి ముందు ఆగాడు. "ఇది గుర్రమా, గుర్రం వేషం కట్టిన మేకా?" అన్నాడు. మైదానం మైదానమంతా పగలబడి నవ్వింది. ఫోన్లు పైకి లేచాయి. గాసి కూడా నవ్వాడు. నలుగురితోపాటు తనూ నవ్వేస్తే అవమానం తక్కువవుతుందనుకున్నాడు పాపం. కానీ నవ్వాక పొట్టోడి వైపు చూస్తే, వాడు నిజంగానే అనాకారిగా కనబడ్డాడు. ఆ చూపు మళ్ళీ మారలేదు.

మొదటి బహుమతి గణపతిరావు గుర్రానికి వచ్చింది. కింద, మైదాన ప్రాంతంలో ఆయనకి గుర్రాలశాల ఉంది. ఆ పోతు పేరు రాజా. ఎత్తుగా, తెల్లగా, చెవుల కొసలు ఒకదాన్నొకటి ముట్టుకునేంత వంపుతో, గుప్పిట్లో పట్టేంత సన్నటి మూతితో నిలబడింది. వెనక కాళ్ళు పాతిన గుంజల్లా నిటారుగా ఉన్నాయి. నాలుగు కాళ్ళకీ రంగురంగుల పట్టీలు చుట్టారు. గాసి వాటిని అలంకారం అనుకున్నాడు. బలహీనపు కాళ్ళకి కట్టిన కట్లు అవి అని అతనికి ఎవరు చెబుతారు? ఆ మైదానంలో ఎత్తూ లేదు, దిగువా లేదు. గుర్రాన్ని పక్క నుంచి చూసి, ముందు నుంచి చూసి, గాసి మురిసిపోయాడు.

గణపతిరావు మంచి మాటకారి. గాసి భుజం మీద చెయ్యేసి టీ ఇప్పించాడు.

"ఈ రోజుల్లో జనానికి కావలసింది అందం గాసీ. చెవులు కలవాలి, మూతి సన్నగా ఉండాలి, కాళ్ళు నిటారుగా ఉండాలి. మీ కొండ ఆడగుర్రాలకి మా రాజాని కలిపామంటే, చూసుకో, అరకు గుర్రం అని దేశమంతా చెప్పుకుంటుంది. పుట్టిన పిల్లల్ని పోటీలకి నేనే తీసుకెళ్తా. కానీ ఆ పొట్టిదాన్ని మాత్రం వదిలేసి ఉంచకు. అది ఆడగుర్రాల మీద ముందు పడిందంటే విత్తనం పాడైపోతుంది."

గాసి ఊరికి వచ్చి ఈ మాట చెబితే కుర్రకారు ఎగిరి గంతేసింది. ముసలి సోంబరు ఒక్కడే చుట్ట ఆర్పి అడిగాడు.

"అల్లుడా, దిగువనుండి సూసావా దాన్ని?"

గాసికి ఆ మైదానం నవ్వు చెవిలో గింగురుమంది.

"సూసాను మావా," అన్నాడు.

ఆ ఊళ్ళో ఆ ప్రశ్నకి ఎవరూ అబద్ధం చెప్పరు. చెప్పొచ్చని కూడా ఎవరికీ తెలియదు. కాబట్టి సోంబరు ఇంకేం అడగలేదు. ఆడగుర్రాలన్నీ కొండ దిగి రాజా దగ్గరికి వెళ్ళొచ్చాయి. అవి వెళ్ళకముందే పొట్టోడికి ఇక పిల్లలు పుట్టకుండా విత్తులు కొట్టించేశారు. వాడి మెడతాడు పట్టుకున్నది గాసే. వాడు గింజుకోలేదు. తాడు ఆ చేతిలో ఉందంటే మంచికేనని వాడి నమ్మకం.

ఊళ్ళో ఇంటింటా రాజా పిల్లలే పుట్టాయి. గాసి ఇంట్లో పుట్టింది రాణి. దాన్ని చూస్తే ఎవరికైనా కడుపు నిండిపోయేది. పాలనురుగు రంగు, పొడుగు మెడ, చెవుల కొసలు ముద్దుగా ఒకదానివైపు ఒకటి వంగి ఉండేవి. గాసి పెళ్ళాం దేముడమ్మ దాన్ని కన్నకూతుర్ని పిలిచినట్టు "గుంట" అనే పిలిచేది. పిల్లలు లేని మనిషి. సోలలో అంబలి పట్టుకుని దాని వెనకే తిరిగేది. కానీ ఆమె కళ్ళు ఊరికే ఉండేవి కావు.

"ఏటయ్యా, గుంట మిట్ట ఎక్కితే కొలిమితిత్తిలాగ రొప్పుతాది? ముక్కు సూడు, ఉలవగింజ దూరదు."

"పోటీ గుర్రమే అది. మిట్టలెక్కడానికి పుట్టిందేటి?" అని కసిరేవాడు గాసి.

మొదటి పోటీలో రాణికి పట్టుచీర ముక్కంత పెద్ద రిబ్బను కట్టారు. గాసి ఆ రిబ్బను తలపాగాకి చుట్టుకుని సంతంతా తిరిగాడు. మరుసటి ఏడు తీసుకెళ్తే, చెవుల మధ్య సందుందన్నారు. అంతకంటే సన్న మూతులు, అంతకంటే నిటారు కాళ్ళు ఎక్కడెక్కణ్ణుంచో వచ్చాయి. ఒకటి నిలబడలేక లారీలోంచి దిగనే లేదు. దిగనిదానికే మూడో బహుమతి ఇచ్చారు, ఫొటో చూసి! అందానికి పిచ్చి పడితే ఇలాగే ఉంటుంది మరి. గణపతిరావు రాణిని ఎగాదిగా చూసి, "మీ కొండ రక్తం బయటపడిపోయిందోయ్," అనేసి ఫోను మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

ఇంక మిగిలింది ఊరూ, ఎక్కుడూ, బరువూ. పాత ఆడగుర్రాలు ముసలివయ్యాయి. పొట్టోడి పిల్లల్ని అందాల మోజులో ఎప్పుడో సంతకి తోలేశారు. పొట్టోడు ఒక్కడూ ఎన్ని బస్తాలని మోస్తాడు? ఆ వానాకాలం బియ్యం సగం జీపు దగ్గరే తడిసి ముక్కిపోయింది. రాణిని బరువుకి పెట్టక తప్పని రోజు వచ్చింది.

కుసుమపుట్టులో పిల్లగుర్రం మోసే మొదటి బరువు ఉప్పు. సంత నుంచి తెచ్చి ఇంటింటికీ పిడికెడు పంచుతారు. ఆ ఉప్పు కూరలో పడిందా, ఆ గుర్రం ఊరిదైపోయినట్టే. దాన్ని కొట్టకూడదు, కోతకి అమ్మకూడదు, చస్తే మనిషిని పూడ్చినట్టు పూడ్చిపెట్టాలి. అందుకే ఉప్పు వచ్చే రోజు ఊరంతా దారి మొగన ఎదురుచూస్తుంది.

వాన వెలిసిన పూట గాసి, దేముడమ్మ రాణిని తోలుకుని సంత నుంచి బయల్దేరారు. వెనకాల పొట్టోడి మీద బియ్యం. రాణి మీద ఉప్పు మూటలు రెండే, అటొకటి ఇటొకటి. పసిపిల్ల కూర్చున్నంత బరువు కూడా లేదు. అయినా సగం ఎక్కేసరికి రాణి ముక్కుపుటాలు చిరిగిపోతాయేమో అన్నట్టు రొప్పింది.

"ఆపయ్యా, గుంట సచ్చిపోతాది," అంది దేముడమ్మ.

"గెడ్డ దాటితే మనూరే. బేగి రానీ."

గెడ్డ దగ్గరికి దారి ఒకసారి నిటారుగా దిగి, అవతల మళ్ళీ ఎక్కుతుంది. గాసి ముందు తను దిగి, గెడ్డ పక్కన నిలబడి, పైకి తిరిగి పిలిచాడు. పిలిచాకే తెలిసింది, తను ఎక్కడ నిలబడ్డాడో. నాన్న నిలబడిన చోటు అది. రాణి పుట్టినప్పటినుంచి ఏదో ఒక సాకుతో గాసి అక్కడ నిలబడకుండా తప్పించుకుంటూనే వచ్చాడు.

రాణి మెలిక దగ్గర పక్కకి మళ్ళింది. వెనక కాళ్ళు కనబడ్డాయి. అవి మడవలేదు. మడిచేందుకు వాటిలో వంపు లేదు. చిన్న చిన్న గిట్టలు పాచి మీద కొట్టుకున్నాయి.

"వద్దు, వద్దే, ఆగవే!" అని గాసి అరిచాడు. పిలిచిన గొంతు అదే కాబట్టి రాణి ఇంకో అడుగు వేసింది.

కర్ర విరిగిన చప్పుడు. రాణి దొర్లుకుంటూ వచ్చి గెడ్డ ఒడ్డున పడింది. మూటలు పగిలి ఉప్పు బురదలో చెల్లాచెదురైంది. వెనక కాలు ఒకటి ఎటో తిరిగిపోయింది. చెవులు మాత్రం అలాగే ఉన్నాయి, కొస కొసతో, పోటీలో నిలబెట్టినప్పటిలాగా. గాసికి వాటిని పీకి పారెయ్యాలనిపించింది.

దేముడమ్మ ఏడుస్తూ దాని తల ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఒళ్ళోనే దాని రొప్పు ఆగిపోయింది. అరుపులు విని అవతలి ఒడ్డు నుంచి జనం దిగి వచ్చారు. సోంబరు వంగి, బురదలోంచి పిడికెడు ఉప్పు ఏరుకుని పంచెకొంగున ముడేసుకున్నాడు. ఆ వెనక మిగతావాళ్ళు. ఒక్కొక్కరూ పిడికెడు, మట్టితో సహా. రాణి ఊరిదైంది.

"దాన్ని పూడిసిపెడదాం అల్లుడా. మనదే కదా," అన్నాడు సోంబరు.

గాసి సోంబరు ముందుకి వచ్చాడు. "నాను దిగువనుండి సూళ్ళేదు మావా. అబద్ధం ఆడీసినాను."

సోంబరు చెయ్యెత్తి అవతలి గట్టు మీదికి చూపించాడు.

జనం వెనకాల ఊరి గుర్రాలు కూడా దిగుతున్నాయి. తల్లుల వెంట రాజా పిల్లలు, రేపో మాపో ఉప్పు మొయ్యాల్సినవి. గాసి నిలబడ్డది దిగువనే. చూడకుండా ఉండడానికి ఈసారి సాకు లేదు. తెల్లగా ఒకటి, గోధుమరంగుది ఒకటి, మచ్చలది ఒకటి మెలిక తిరిగాయి. అన్నిటి వెనక కాళ్ళూ పాతిన గుంజలే.

ఇవతలి గట్టు మీంచి, తోలేవాళ్ళు లేకుండానే, పొట్టోడు బియ్యం బస్తాలతో దిగి వచ్చాడు. పిర్రల మీద కూలబడుతూ, పాచి రాళ్ళని వాసన చూసుకుంటూ, ఒక్క గింజ ఒలకకుండా. గాసి పక్కకి వచ్చి ఆగి, అలవాటు కొద్దీ తాడు పట్టుకోమని మెడ చాపాడు.