కాన్పుకు అడ్డొచ్చిన వల

రామచంద్రపురంలో నేను నర్సుగా చేసే ఆసుపత్రికి ఒక అమ్మాయి తొలి కాన్పుకు వచ్చింది. వాళ్ళది చేపలు పట్టే కుటుంబం. నొప్పులు బాగానే వస్తున్నాయి గానీ, ఊపిరి వదలమంటే బిగబడుతుంది, ముక్కమంటే ఏడుస్తుంది. ఇలాగే అలిసిపోతే ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. నాకు కోపం నషాళానికి అంటింది.

"ఏంటమ్మా నీ బాధ?" అని కసిరాను.

"ఇంట్లో వల ఉండిపోయిందండీ," అంది.

పక్కనున్న అత్తగారు వివరించింది. నొప్పులు మొదలవగానే ఇంట్లో తాళాలు తీయాలి, ముళ్ళు విప్పాలి. అప్పుడే బిడ్డకు దారి. తాళాలు తీశారట, మూటలు విప్పారట, మేకను కూడా వదిలేశారట. వసారాలో కొత్త వల మాత్రం వేలాడుతోంది. వలంటే అన్నీ ముళ్ళే కదా!

ఆచారాలను గౌరవించాలని మాకు శిక్షణలో చెప్పారు. వల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అత్తగారు ఇంటి దగ్గరున్న కొడుక్కి ఫోన్ కలిపి స్పీకరులో పెట్టి, వల ముళ్ళు విప్పమంది.

"అన్నీ విప్పేసరికి బిడ్డకి పెళ్ళీడు వచ్చేస్తుందమ్మా! కోసెయ్యనా?"

"కోస్తే నిన్ను కోస్తాను," అంది ఆవిడ.

"బాబూ, దాన్ని ఇంట్లోంచి బయట పడెయ్," అన్నాను నేను.

పక్కింటికి మోసుకెళ్తే, మా కోడలికీ నెలలు నిండాయంటూ వాళ్ళు గుమ్మం ఎక్కనివ్వలేదు. చివరికి పడవలో వేశాడు.

"పడవ కట్టేసి ఉందా?" అంది అమ్మాయి అనుమానంగా.

"ఆ ముడీ విప్పేశానే... ఓరి నాయనో, పడవ పోతుంది!"

దబ్బున నీళ్ళలో దూకిన చప్పుడు. ఫోన్ కట్టయింది. అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వుతూనే నా తల వైపు చూసి టక్కున ఆగింది.

"మేడమ్, మీ కొప్పు..."

నా కొప్పంటే నాకు గర్వం. బిగించానంటే డ్యూటీ అయ్యేదాకా కదలదు. అయినా పిన్నులు పీకేసి, జుట్టంతా టోపీలో కుక్కి, చేతులు కడుక్కొచ్చాను. నా తల గుమ్మడికాయంత అయింది. ఆమె మళ్ళీ నవ్వి, ఈసారి చెప్పినట్టే ముక్కింది. కాసేపటికి ఆపరేషన్ లేకుండానే ఆడపిల్ల పుట్టింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పడవా వలా రెండూ దొరికాయట. ఇవన్నీ వట్టి నమ్మకాలని నేను అందరితో అంటూనే ఉన్నాను.

ఈమధ్య మా అమ్మాయిని నొప్పులతో అదే గదిలోకి తీసుకెళ్ళారు. నేను బయట నిలబడ్డాను. మా ఆయనకు ఫోన్ చేశాను.

"బీరువా తాళం తీయండి."

"ఏంటే, నువ్వు కూడానా?"

"తీయండంటే తీయండి!" అని అరిచి, కొప్పులో పిన్నులు పీకడం మొదలుపెట్టాను.