బంగారు ఫెసెంట్ నెత్తిన పడిన కుట్లు

2011 ఫిబ్రవరి. శంషాబాద్ దగ్గర సాతంరాయిలో మా ఇల్లు. పశువుల దవాఖానలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు కాంపౌండర్‌గా పనిచేసి రిటైరయ్యాను. తర్వాత కూడా చుట్టుపక్కల వాళ్లు కోళ్లకు, పావురాలకు కట్లు కట్టించుకోవడానికి వచ్చేవారు. పెద్ద కేసయితే డాక్టరు దగ్గరికి పంపేదాన్ని, చిన్న కుట్లయితే నేనే వేసేదాన్ని. ప్రతి పక్షికీ ఒక కార్డు రాస్తాను: తేదీ, గాయమైన సమయం, బరువు, గాయం పొడవు.

మూడో తారీకు, గురువారం. మా వెనక గల్లీలో ఉండే యాదగిరి చిల్లులు పెట్టిన అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. ముప్ఫై ఏళ్లవాడు, ఎయిర్‌పోర్ట్‌లో సామాన్లు ఎక్కించే పని. పెట్టెలో గోల్డెన్ ఫెసెంట్ పుంజు ఉంది. ఇది విదేశీ జాతి. పసుపు జుట్టు, ఎర్రటి పొట్ట, బారెడు తోక. అంత అందమైన పక్షికి నెత్తి మీద చర్మం చిట్లి వేలాడుతోంది. దీన్ని స్కాల్పింగ్ అంటారు. ఫెసెంట్ బెదిరితే కోడిలా పక్కకు పరిగెత్తదు, బాణంలా నిలువుగా పైకి లేస్తుంది. ఆ లేవడాన్ని ఫ్లషింగ్ అంటారు. పైన ఇనుప జాలీ ఉంటే నెత్తి దానికి కొట్టుకుంటుంది.

"పిల్లి గిన ఎగబడ్డదా బిడ్డా?" అని అడిగాను.

"పిల్లి కాదమ్మా, విమానాలు. నెత్తి మీదికెళ్లి పోతుంటే అదిరిపడుతుంది."

"విమానాలకు భయపడేదాన్ని ఎయిర్‌పోర్ట్ పక్కన సాకుడేంది?"

"నేను ఉండేదే గీడ. మరి యాడ సాకాలె?"

నాలుగు కుట్లు వేశాను. అతని మాట నమ్మాను. తప్పు అక్కడే జరిగింది. విమానాలకే అయితే పైన గోనెపట్టా కప్పమని, జాలీ కింద మెత్తటి నైలాన్ వల కట్టమని చెప్పాను. గోనె కప్పాడు, వల మాత్రం రేపు మాపు అంటూ వాయిదా వేశాడు. ఐదో తారీకున కుట్లు తెగాయి. ఎనిమిదిన మళ్లీ, పదిన మళ్లీ. ఆ నాలుగోసారి చూసేసరికి కుట్టడానికి చర్మం మిగల్లేదు, ఎముక కనిపిస్తోంది. మందు అద్ది, గుడ్డపట్టీ అంటించాను.

"ఇంకోసారి తగిలితే బతకది," అన్నాను.

యాదగిరి పెట్టె మూత మీదే చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. "మైలార్‌దేవ్‌పల్లిల ఒకాయన పక్షులు సాకుతడమ్మా. ఆదివారం వచ్చి జోడీ తీస్కపోతనన్నడు. ఇచ్చేస్త. నా దగ్గరుంటే సచ్చిపోతది."

అప్పటికప్పుడే కార్డు తీసి చూశాను. నాలుగు గాయాలూ మధ్యాహ్నం మూడు, మూడున్నర మధ్యనే తగిలాయి. ఆదివారం ఒక్కటీ లేదు. విమానాలకు ఆదివారం సెలవుండదు కదా. "ఇయ్యాల పోంగనే వల కట్టు. రేపు నేనే వచ్చి కూసుంట," అన్నాను.

పదకొండున మధ్యాహ్నం పన్నెండున్నరకు వాళ్ల వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. గేటు పక్కనే పంజరం, అందులో పుంజు, దాని జోడీ పెట్ట. వల కట్టి ఉంది. రెండు ముప్పావు దాకా పదిహేడు విమానాల చప్పుడు లెక్కపెట్టాను. పుంజు ఒక్కసారి కూడా తలెత్తలేదు. యాదగిరి భార్య అనసూయ మేత వేసి వచ్చింది, దానికీ చలించలేదు. మూడు దాటగానే గేటు బయట యాదగిరి బండి ఆగింది. ఆ చప్పుడుకూ బెదరలేదు.

గేటు తీసుకుని యాదగిరి నేరుగా పంజరం దగ్గరికి వచ్చాడు. ఒంటి మీద డ్యూటీ జాకెట్. నిప్పులాంటి నారింజ రంగు, ఎండకు తళతళలాడే వెండి పట్టీలు. పుంజు ఒక్క ఉదుటున పైకి లేచి వలకు కొట్టుకుని కింద పడింది. వల లేకపోతే ఆ రోజే పోయేది.

అనసూయ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేను మేత ఏస్తే ఎగరదు. నీ మొహం జూస్తెనే ఎగురుతుంది!"

"మొహం కాదు, జాకెట్," అన్నాను. "కొలువు ఎన్నడు దొరికింది?"

"గీ నెల మొదటి తారీకు. దినాం వచ్చి ముందుగాల వాటికే కనవడుతున్నమ్మా. జాకెట్ల ఎట్లున్ననో సూస్తయని…"

నవ్వు ఆపుకున్నాను. పక్షులు డిసెంబరులో వచ్చాయి. రెండు నెలలు లుంగీలో ఉన్న యాదగిరినే అవి చూశాయి. జాకెట్ తీసేసి బనీనుతో లోపలికి వెళ్లమన్నాను. పుంజు కాసేపు మూలన ఒదిగి, తర్వాత అతని కాళ్ల దగ్గరికి వచ్చింది.

అయితే జాకెట్ గేటు బయట విడిస్తే చాలదు. ఆ గల్లీలో సగంమంది మగవాళ్లకు అదే జాకెట్; గోడ అవతల పోయినన్నాళ్లు సరే, ఎవరో ఒకరు గేటు తీసుకుని లోపలికి రాక మానరు. పక్షే అలవాటు పడాలి. పన్నెండు మూరల దూరంలో కొయ్యకు జాకెట్ తగిలించి, రోజుకో మూర దగ్గరికి జరపమన్నాను. జరిపినప్పుడల్లా చెదలు పెట్టాలి. ఫెసెంట్‌కు వాటిని మించిన రుచి లేదు.

"పన్నెండు దినాలాగు. మైలార్‌దేవ్‌పల్లి ఆయనకు రావద్దని చెప్పు."

"సచ్చిపోతే?"

"సచ్చిపోతే తప్పు నాది. కార్డు మీద నా పేరే రాస్త."

ఆ సాయంత్రమే ఫోన్ చేసి వద్దని చెప్పాడు. పన్నెండో తారీకున మొదలుపెట్టాం. పదహారున ఎనిమిది మూరల దగ్గర గాలికి జాకెట్ రెపరెపలాడి పుంజు మళ్లీ లేచింది. వల కాపాడింది. మర్నాడు రెండు మూరలు వెనక్కి జరిపి, జాకెట్ అంచులకు రాళ్లు కట్టించాను. ఇరవై ఆరుకు ఒక్క మూర. పన్నెండు రోజులన్నది పదిహేను పట్టింది. గాయం చుట్టూ కొత్త చర్మం కమ్ముకొచ్చింది.

ఇరవై ఎనిమిది, సోమవారం. మందుల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. యాదగిరి జాకెట్‌తో వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"అమ్మా, నాకే భయమైతుంది."

"దానికి లేని భయం నీకేంది? రా."

ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి లోపల కూర్చున్నాడు. పుంజు మెడ చాచి వెండి పట్టీని రెండుసార్లు పొడిచి చూసింది. తర్వాత అరచేతిలోని చెదలు తినడం మొదలుపెట్టింది. అనసూయ గుమ్మంలో నిలబడి, "మెల్లగ, మెల్లగ," అంటూనే ఉంది, పక్షికో, మొగుడికో.

మేత, నీళ్లు, పిల్లి, విమానాలు అన్నీ అడిగాను గాని, ఎదురుగా నిలబడ్డ మనిషి గురించి అడగలేదు. మూడుసార్లు కుట్లు తెగడానికి ఆ పొరపాటే కారణం. అప్పటినుంచి ఎవరు పక్షిని తెచ్చినా, గాయం కంటే ముందు తెచ్చినవాళ్లనే అడుగుతాను: ఈ నెలలో నీకేం మారింది? చాలామంది నవ్వుతారు. జవాబు వచ్చేదాకా నేను సూది తీయను.