పెళ్లిపత్రిక మందం సందు

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన నాదొక రేకుల షెడ్డు. ముప్పై ఏళ్లుగా అక్కడే ఇంజన్లు విప్పుతున్నాను, బిగిస్తున్నాను. ఒకప్పుడు ట్యాపెట్ సెట్టింగ్ అంటే ఈ చుట్టుపక్కల నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఇంజనులో వాల్వును నెట్టే ముక్కే ట్యాపెట్. పాత ఇంజన్లలో అది ఉత్త ఇనుము. దానికీ వాల్వుకూ నడుమ పెళ్లిపత్రిక మందం సందు వదలాలి. వేడికి వాల్వు సాగుతుంది కదా, ఆ సాగే జాగా అన్నమాట.

ఆ పనికి ఇద్దరు కావాలి. ఒకరు ముందు నిలబడి స్పానరుతో ఇంజను తిప్పితే, ఇంకొకరు సందులో పల్చటి రేకు పెట్టి కొలవాలి. నాకు ఆ రెండో మనిషి నా భార్యే. సద్ది తెచ్చి, కొంగు దోపుకుని, స్పానరు పట్టేది. తిప్పమంటే తిప్పేది, ఆగమంటే ఆగేది. నోరు మాత్రం ఆగేది కాదు. ఒకరోజు ఇంజను నడుస్తుంటే కసురుకున్నాను, ట్యాపెట్ల చప్పుడు విననిస్తావా లేదా అని.

"నేను ఒర్రుతున్నంత సేపు నీకేం ఫికర్ లేదయ్యా. నా సప్పుడు బందైన్నాడు సూస్కో," అంది.

ఆమె పోయి మూడేళ్లయింది. చూసుకుంటూనే ఉన్నాను.

ఈలోపు బండ్లన్నీ హైడ్రాలిక్ ట్యాపెట్లకు మారిపోయాయి. వాటిలోకి నూనె ఎక్కి సందును అదే పూడ్చుకుంటుంది. సెట్టింగ్ అక్కర్లేదు, చప్పుడు ఉండదు, నాతో పని అసలే ఉండదు. ఉన్న నాలుగు పనులకు వచ్చేవాళ్లు కూడా తాళం చేతిలో పెట్టి, ఫోన్ చేయమని పోతారు. షెడ్డులో కుర్చీలు రెండున్నాయి. రెండోదాని మీద పాత గుడ్డలు పెట్టుకున్నాను.

ఆ గుడ్డలు తీయించినవాడు తుర్కయాంజాల్ నుంచి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. పొలం ప్లాట్లయ్యాక ఏం తోచక పాత కారొకటి కొని, ఆదివారాలు పందేల్లో తోలుతున్నాడు. మరీ వేగంగా తిరిగే ఇంజనులో నూనె ట్యాపెట్లు నిలకడగా పనిచేయవని, పట్నంలో ఎవరో వాటిని పీకేసి ఇనుపవి వేశారు. మూత విప్పి ఆ ఎనిమిది ట్యాపెట్లనూ చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సెట్ చేశాను. అతను కూర్చుని చాయ్ తాగాడు, పందెం కబుర్లు చెప్పాడు. మళ్లీ వారం వచ్చాడు, ఆ తర్వాతి వారమూ వచ్చాడు. అతను వచ్చేది బుధవారాలే. ఆ రోజు వస్తుందంటే నేను పొద్దున్నే షెడ్డు ఊడ్చేవాణ్ణి. నవ్వితే నవ్వండి.

ఒక బుధవారం అతను చిరాగ్గా వచ్చాడు. "అన్నా, గీ టిక్ టిక్ జర బంద్ చెయ్యవా? దోస్తులు ట్రాక్టరొచ్చింది అని నవ్వుతున్నరు."

చప్పుడు ఉండాలని, ఆ చప్పుడే సందు ఉందన్న గుర్తని చెప్పాలి. కానీ కాదంటే ఇంకో షెడ్డు చూసుకుంటాడేమో అనిపించింది. మొహమాటానికి పోతే కడుపయిందని ఊరికే అన్నారా! సందు మొత్తం బిగించేశాను. ఇంజను మెత్తగా నడిచింది. "మస్తుందే," అని నా భుజం తట్టాడు. నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది.

ఇరవై రోజులకు కారు కుంటుకుంటూ వచ్చింది. హెడ్డు విప్పితే, సాగే జాగా లేక సరిగా మూసుకోని రెండు వాల్వుల అంచులు కాలిపోయి ఉన్నాయి. పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"పెట్రోల్ల కల్తీ ఉండెనా అన్నా?"

అవునంటే నమ్మేవాడు. ఆ కుర్చీలో కూర్చుని చాయ్ తాగేవాడు. గొంతు దాకా వచ్చిందా మాట.

"కాదు," అన్నాను. "నేనే సందు బిగించిన. నువ్వు సప్పుడు వద్దన్నవని."

"బిగిస్తే కాలుతదని నీకెరుకేనా?"

"ఎరుకే."

"మరెందుకు జేసినవే?"

నువ్వు మళ్లీ వస్తావని. అరవై దాటిన మనిషి ఆ మాట ఎట్లా అంటాడు? కొలత రేకును గుడ్డతో తుడిచాను. అతను బాగు చేసి పెట్టమని చెప్పి, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

కొత్త వాల్వులు వేసి, సెట్టింగ్ ఒక్కణ్ణే చేశాను. ముందుకు పోయి ఇంజను కొంచెం తిప్పడం, వెనక్కి వచ్చి రేకు పెట్టి చూడడం, మళ్లీ ముందుకు పోవడం. మధ్యలో ఒకసారి నోరు దానంతటదే "తిప్పు" అంది. ఎవరు తిప్పుతారు? స్పానరు పట్టుకుని నేనే ముందుకు పోయాను. ఇంజను స్టార్ట్ చేస్తే ఎనిమిదీ టిక్ టిక్‌మన్నాయి. పని అయిపోయినా చాలాసేపు ఆపలేదు.

కారు తీసుకుపోవడానికి అతను రాలేదు, డ్రైవరును పంపాడు. డ్రైవరు స్టార్ట్ చేసి, తల బయటికి పెట్టాడు.

"కాకా, లోపల ఏందో సప్పుడొస్తుందే."

"గట్లనే ఉండాలె. ఆ సప్పుడు బందైన్నాడు నాకు ఫోన్ చెయ్యమని చెప్పు మీ సారుకు."

అది జరిగి ఆరు నెలలు. ఫోన్ రాలేదు. ఇంజను బాగున్నట్టే.