లాంచీ ట్యాంకులో జానెడు నీళ్లు

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. అప్పుడూ వచ్చేది, ఇప్పుడూ వస్తుంది. ఇది చదివి మస్తాన్ భాయ్ భయపడ్డాడని ఎవరైనా అంటే మర్యాద దక్కదు. నేను ఖమ్మంలో నల్లాల పనివాణ్ణి. నీళ్లు పైపులో ఉంటాయి, లేదంటే కారిపోతాయి. మూడో దారి లేదు.

ఎనభైల్లో మాట. భద్రాచలం నుంచి పర్ణశాలకు యాత్రికులను తిప్పే చిన్న మోటారు లాంచీ ఒకటుండేది. వానల తర్వాత గోదారి ఎర్రగా పారుతుంది కాబట్టి, తాగడానికి బోరునీళ్లు నింపుకునే రేకు ట్యాంకు, నల్లా కొత్తగా పెట్టించాడు యజమాని. పొద్దున నింపిన ట్యాంకు దారిలోనే అడుగంటుతోంది. యాత్రికులు నానా గొడవ చేశారు. సరంగు వీరయ్య నింపకుండానే నింపానంటున్నాడని యజమాని అనుమానం. లీకు వెతకడానికి నన్ను పిలిపించి, లేదని నేను తేలిస్తే వీరయ్యను పనిలోంచి తీసేస్తానన్నాడు. వీరయ్యకు యాభై దాటాయి. లాంచీ నడపడం తప్ప వేరే పని రాదు.

లాంచీ అడుగున చేరిన నీళ్లు నదివో ట్యాంకువో చూసి చెప్పలేం. అందుకని ట్యాంకులో బట్టల నీలిమందు కలిపాను. గంటలో అడుగున నీలం కనిపించింది. ఇంజను అదురుకు నల్లా కింది పైపు వంపు, ఎల్బో, వదులైంది. విప్పి, జనపనార చుట్టి, సందు మూసే సఫేదా ముద్ద పూసి బిగించాను.

"దొరికింది పో! ఇగ నీ నౌకరీకి ఢోకా లేదు" అని వీరయ్య భుజం తట్టాను.

ట్యాంకు కడిగి నింపాం. మర్నాడు మళ్లీ తగ్గింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈసారి పైపంతా విప్పేశాను. పైపు తగిలే ట్యాంకు నోటికి ప్లగ్గు బిగించి, మూతకు నా తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. అడుగంతా తుడిచి సుద్దపొడి చల్లాను, చుక్క పడినా మచ్చ కనబడేలా. తాళం వేసే ముందే కొలకర్ర ముంచి నీళ్లున్న చోట గీత పెట్టాను. పట్టపగలు, యాత్రికులు లేకుండా మేమిద్దరమే బయల్దేరాం.

ఒక మలుపులో వీరయ్య ఇంజను తగ్గించి తల వంచాడు. ఏందయ్యా అన్నాను.

"ఈడనే ఒకామె పోయింది భాయ్. చర్ల దిక్కు నుంచి జరంతోటి దవాఖానకు తీస్కపోతున్నం. నీళ్లు, నీళ్లు అని ఒకటే అడిగింది. జరంల నీళ్లు తాగితే మనిషి దక్కదని నేనే ఇయ్యనియ్యలే. లాంచీల కుండ ఉన్నన్ని రోజులు ఈడ ఒక చెంబెడు పోసేటోణ్ణి. ట్యాంకొచ్చినంక నీళ్లు ఖరాబు చెయ్యకుమన్నడు సేటు. బంద్ చేసిన."

"గోదాట్ల పోయినామెకు నీళ్లు కరువా?" అన్నాను.

వీరయ్య నవ్వలేదు. నోరు జారినందుకు నాకే సిగ్గేసింది.

రేవుకు తిరిగొచ్చి తాళం తీశాను. గీతకు జానెడు కిందికి దిగాయి నీళ్లు. ప్లగ్గు బిగుతుగానే ఉంది. సుద్దపొడి మీద ఒక్క మచ్చ లేదు. జానెడు నీళ్లు ఎండకు ఆవిరైపోతాయా? కోపంతో ట్యాంకును ఒక్క తన్ను తన్నాను.

యజమాని ఒడ్డునే నిలబడి ఉన్నాడు. లీకుందా లేదా అన్నాడు.

పని విషయంలో నేను అబద్ధమాడి ఎరగను. ఆ రోజు ఆడాను.

"సన్న చీలిక ఉంది సేటూ. టాంకా వేస్త. వీరయ్యను ఒక్క మాటన్నా అన్నరంటే మీ లాంచీ మళ్ల ముట్ట. యాత్రికులకు కుండ పెట్టుండ్రి."

మర్నాడు ట్యాంకు నింపి, తాళం వేసి, నేనూ వెళ్లాను. మలుపు దగ్గర వీరయ్య కుండలోంచి చెంబెడు నీళ్లు ముంచి నదిలో పోశాడు. నేను వద్దనలేదు. తిరిగొచ్చాక చూస్తే నీళ్లు గీత మీదే ఉన్నాయి.

ఆ ట్యాంకుకు నేను టాంకా వేయలేదు. చీలికే లేనప్పుడు ఎక్కడ వేస్తాను? ఉత్త రంగు పూశాను. వీరయ్య నౌకరీ నిలిచింది.

నీళ్లు ఎటు పోయాయో నాకిప్పటికీ తెలియదు. దయ్యం అంటే మాత్రం ఒప్పుకోను, ఎవరితోనైనా కొట్లాటకు సిద్ధం. కానీ మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, డాక్టరు వచ్చేలోగా నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన కూర్చునేది నేనే.