నామం తెగకూడదని నీళ్లు మానేశాను

పిలిచినా పిలవకపోయినా పక్కనే ఉండే రామచంద్రమూర్తికి ముందుగా నా నమస్కారం. ఆయన నాకు నాలుక ఇచ్చి, దాని మీద తన పేరు పెట్టాడు. ఆ పేరు పలకడానికి నాకు మనసు రాని రోజుల్లో కూడా నన్ను వదలలేదు. ఆయన దయ వల్లే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నాలాగే సిగ్గుపడి నోరు మూసుకున్న వాళ్లెవరైనా చదువుతారని నా ఆశ.

మాది రొంపిచెర్ల దగ్గర పల్లె. మిరప, పత్తి వేస్తాం. నాకు అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లుగా మా ఊరి రామమందిరం భజన జట్టులో చిడతలు పట్టి నామం ఎత్తుతున్నాను.

ఏదో తేడా ఉందని మొదట తెలిసింది నరసరావుపేట బస్టాండులో. మూత్రానికి వెళ్లి నిలబడ్డాను. నా తర్వాత వచ్చిన ఇద్దరు పని చూసుకొని వెళ్లిపోయారు. మూడో మనిషి నా వెనక నిలబడి, "ఏంది పెద్దాయనా, ఇక్కడే కాపురం పెట్టావా?" అన్నాడు. నవ్వేసి పక్కకు తప్పుకున్నాను. అప్పటికి వచ్చింది నాలుగు చుక్కలు. ఊరికి వెళ్లే బస్సు ఎక్కాక మళ్లీ వస్తున్నట్టు అనిపించింది.

కొన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. పొలం వెళ్లేటప్పుడు పంచె తడవడం మా ఆవిడ వెంకాయమ్మ చూసి, పేటలో డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. అల్ట్రాసౌండ్ తీశారు. పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష చేశారు. అది నార్మల్ అన్నారు. ప్రోస్టేట్ బాగా పెరిగిందనీ, వెళ్లి వచ్చాక కూడా బ్లాడర్‌లో చాలా మూత్రం మిగిలిపోతోందనీ డాక్టరు చెప్పాడు. మాత్ర రాసి, నీళ్లు తగ్గించవద్దని, ఎప్పుడూ బిగబట్టవద్దని రెండుసార్లు చెప్పాడు. నేను తల ఊపాను. వద్దన్న ఆ రెండూ చేశాను.

మా ఊళ్లో ఏటా సప్తాహం జరుగుతుంది. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు దీపం చుట్టూ తిరుగుతూ రామనామం ఆగకుండా పాడాలి. ఊరి జట్లు వంతులు వేసుకుంటాయి. మా జట్టులో ఒక కట్టుబాటు ఉంది. నామం ఎత్తేవాడు తన వంతు మూడు గంటలూ ఆ వలయం దాటి బయటికి రాకూడదు. మా పెద్దల నుంచి వచ్చిన మాట అది. ఎవరూ తప్పలేదు. నేనూ తప్పలేదు.

ఆ ఏడు సప్తాహం ముందు నాకు జలుబు చేసి గొంతు పట్టేసింది. మందుల షాపుకు వెళ్లి, పాడాలి, గొంతు వదిలేలా ఏదైనా ఇమ్మన్నాను. వేరే జబ్బులకు మందులు వాడుతున్నారా అని అడిగారు. పక్కన ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. లేదన్నాను. జలుబు మాత్రలు ఇచ్చారు. రెండు రోజులు వేసుకున్నాను. మధ్యలో బయటికి వెళ్లాల్సి వస్తుందని, మా వంతుకు ముందు రోజు సాయంత్రం నుంచి నీళ్లు కూడా మానేశాను. అది ఉపవాసంలో భాగమేనని మనసుకు చెప్పుకున్నాను.

పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా మా వంతు. రెండో గంటలోనే పొత్తికడుపు బిగుసుకుంది. నామం ఎత్తుతూనే ఉన్నాను. తొమ్మిదికి చిడతలు తర్వాతి జట్టుకు అందించి మందిరం వెనక్కి నడిచాను. నామం తెగలేదు. నాకు మాత్రం ఒక్క చుక్క రాలేదు.

ఆ తర్వాతి రెండు గంటలు పగవాడికి కూడా వద్దు. కడుపు బిందె బోర్లించినట్టు ఉబ్బింది. ఆటోలో పేటకు తీసుకెళుతుంటే గతుకు గతుకుకీ ప్రాణం పోయి వచ్చింది. ఆసుపత్రిలో మూత్రం దారిలో క్యాథెటర్ గొట్టం వేశారు. లీటరుకు పైగా వచ్చింది. డాక్టరు నా జేబులోని మాత్రల అట్ట చూశాడు.

"ప్రోస్టేట్ పెరిగినవాళ్లు ఇవి వేసుకుంటే మూత్రం దారి బిగుసుకుపోతుంది పెద్దాయనా. నీకా బాధ ఉందని షాపులో చెప్పలేదా?"

చెప్పలేదన్నాను. క్రియాటినిన్ పెరిగిందని, కిడ్నీల మీద ఒత్తిడి పడిందని చెప్పి, క్యాథెటర్ ఉంచే ఇంటికి పంపారు.

రెండు వారాల తర్వాత తీసి చూశారు. మధ్యాహ్నం దాకా వార్డులో అటూ ఇటూ నడిచాను. రాలేదు. మళ్లీ క్యాథెటర్ వేశారు. ఈసారి కళ్లలో నీళ్లు ఆగలేదు.

ఇంటికి వచ్చి పంచె కింద మూత్రం సంచి కట్టుకొని బతికాను. నొప్పికంటే ఆ సంచే నన్ను చంపింది. అది మైల అనుకున్నాను. దేవుడి గదిలోకి వెళ్లలేదు. ముప్పై ఏళ్లు నా చేత్తో వెలిగించిన దీపం మా ఆవిడ వెలిగిస్తుంటే గుమ్మం బయట నిలబడేవాణ్ణి. శనివారం సాయంత్రం మందిరంలో తాళాలు మోగితే చెవుల మీదికి తువ్వాలు లాక్కునేవాణ్ణి. ఈ ఒంటితో మళ్లీ ఆ వలయంలో అడుగు పెట్టగలనా? ఇదొక్కటే నా దిగులు. నీ పేరు కోసం బిగబట్టుకుంటే నాకిచ్చిన ఫలం ఇదా అని స్వామిని నిలదీశాను. నామం చెప్పడం మానేశాను.

నెల తిరిగేసరికి ఇన్ఫెక్షన్ వచ్చింది. చలి, వణుకు, జ్వరం. నాలుగు రోజులు సెలైన్లు ఎక్కించారు. గుంటూరు వెళ్లి లేజర్ ఆపరేషన్ చేయించుకోవాలన్నారు. నేను వెళ్లనన్నాను. ఈ మైల ఒళ్లు బాగుచేసుకొని ఎవరికి, పోనివ్వమన్నాను. మా ఆవిడ మంచం పక్కన సంచి ఖాళీ చేస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"ఏందయ్యా నీ మైల గోల? ఈ తోలుతిత్తి ఒళ్లు చేసిందెవరు, మా నాయనా? నీ లోపల ఏముందో తెలవకనే ఆ రాముడు ముప్పై ఏళ్లు నిన్ను గుళ్లోకి రానిచ్చాడా?"

మరుసటి వారం గుంటూరు వెళ్లాం.

అక్కడి డాక్టరు హోలెప్ అన్నాడు. కమలాపండు తొక్క అలాగే ఉంచి లోపలి తొనలు ఒలిచినట్టు, పెరిగిన గ్రంథిని లేజర్‌తో ఒలిచి, ముక్కలు చేసి మూత్రం దారిలోంచే తీస్తారట. పైన కోత ఉండదు. వెన్నులో మత్తు ఇచ్చారు. చప్పుళ్లు వినిపించాయి, నొప్పి లేదు. తర్వాత క్యాథెటర్ సంచిలో ఎర్రగా వచ్చింది చూసి భయపడ్డాను. మర్నాటికి గులాబీరంగుకు తిరిగింది. మూడో రోజు ట్యూబు తీశారు. మూత్రం ధారగా వచ్చింది. అక్కడే గోడకు చెయ్యి ఆనించి, రెండు నెలల తర్వాత మొదటిసారి స్వామి పేరు పలికాను. తీసిన ముక్కలు బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా తిండి సయించలేదు. క్యాన్సర్ లేదన్నారు.

కష్టం అక్కడితో తీరలేదు. దగ్గితే కారేది. లేస్తే కారేది. డైపర్లు కట్టుకున్నాను. కొన్ని నెలల్లో తగ్గుతుందని డాక్టరు చెప్పి, మూత్రం ఆపుకున్నట్టు కండరం బిగించి, పది లెక్కపెట్టి వదలమన్నాడు. నేను అంకెలకు బదులు రామనామం లెక్కపెట్టాను. మెల్లగా తగ్గింది. కానీ గొంతెత్తి పైస్థాయిలో నామం ఎత్తితే ఇప్పటికీ చుక్క జారుతుంది.

అందుకే ఈ ఏడు సప్తాహానికి ముందు మా జట్టు పెద్ద గోవిందయ్య బావ దగ్గరికి వెళ్లి, నన్ను తీసేయమన్నాను. కారణం దాచకుండా చెప్పాను. బావ చిడతలు అందుకొని దుమ్ము తుడిచాడు. తనకూ ఏడాదిగా అదే బాధ ఉందని, నీళ్లు మానేసి పాడుతున్నానని అప్పుడు చెప్పాడు. తర్వాత అన్నాడు:

"ఇదిగో బావా, నీకొచ్చినప్పుడు చిడతలు నా చేతిలో పెట్టి పో. నాకొచ్చినప్పుడు నీ చేతిలో పెడతా. నామం తెగదు. పట్టుకునేవోడు మారతాడు, అంతే."

ఈసారి నేను రెండుసార్లు వలయం దాటి బయటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నామం నడుస్తూనే ఉంది. నేను లేనప్పుడు కూడా నడిచింది. ముప్పై ఏళ్లు దాన్ని నేను మోస్తున్నాననుకున్నాను.

మరుసటి వారమే బావ పేటలో స్కానింగ్ తీయించుకున్నాడు. నా క్రియాటినిన్ ఇంకా పూర్తిగా దిగలేదు. మూడు నెలలకోసారి పరీక్షకు వెళుతున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. మూత్రం సన్నగా వచ్చే మగవాళ్లు జలుబుకో దగ్గుకో మందు కొనేటప్పుడు, పక్కన ఎవరున్నా సరే, నాకు ప్రోస్టేట్ బాధ ఉందని గట్టిగా చెప్పండి. ఆ మాట చెప్పడానికి క్షణం పట్టదు. చెప్పకపోవడం నన్ను నెలల తరబడి మంచాన పడేసింది.

ఇది చదువుతున్న మీరు ఎలా ఉన్నా, స్నానం చేసినా చేయకపోయినా, సంచి కట్టుకొని పడుకొని ఉన్నా సరే, నాతోపాటు ఒక్కసారి ప్రార్థించండి. స్వామీ, ఈ పూట నొప్పితో నీ పేరు పలకలేని వాళ్ల బదులు మేము పలుకుతున్నాం, దాన్ని వాళ్ల లెక్కలో వేయి. శ్రీరామ. నా గొంతు ఆగిన చోట మీరు అందుకోండి.