వదిన వదిలేసిన పదో వాక్యం

మా వదిన, అంటే నా భర్తకు అక్క, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో పద్దెనిమిదేళ్లు పనిచేసింది. ఇస్త్రీ యంత్రంలోంచి నేను తీసిన దుప్పటిని ఆమె మడత పెట్టేది. ఆ ఆవిరికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఈ గది వదలకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు తేల్చి చెప్పాడు. పై అంతస్తులో రోగుల ఫైళ్లు సర్దే ఉద్యోగం ఒక్కటే ఖాళీ. దానికో ఇంగ్లిషు పరీక్ష, పదికి తొమ్మిది రావాలట! ఫైళ్లు సర్దడానికి అంత చదువెందుకో, ఆ పరీక్ష పెట్టినవాడికే తెలియాలి.

రోగుల కాగితాల్లో ఎక్కువగా కనబడేది ‘సఫర్’ అనే ఇంగ్లిషు మాట, అంటే బాధకో నష్టానికో గురికావడం. పరీక్షంతా దాని మీదే. దాని పక్కన చేరే మాటలు పది ఇస్తారు, ఒక్కోదానికి సొంత వాక్యం రాయాలి. వదిన పుస్తకం పట్టుకుంటే పది నిమిషాల్లో కునుకు. విసుగొచ్చి, పుస్తకం పక్కన పడేసి మనవాళ్లని తలుచుకోమన్నాను. అంతే, దారి దొరికింది. చెయ్యి కాల్చుకున్న ఇస్త్రీ అక్క ‘సఫర్ బర్న్స్’కి. భార్యను పోగొట్టుకున్న, మా దుప్పట్లు చేరవేసే వ్యాను డ్రైవరు ‘సఫర్ ఎ లాస్’కి. పేకాటలో ఏనాడూ గెలవని మా ఆయన ‘సఫర్ ఎ డిఫీట్’కి. నిజంగా జరిగినదైతేనే ఆమెకు గుర్తుండేది. టీ తాగే వేళ అందరం కలిసి అప్పజెప్పించుకునేవాళ్లం. తన కష్టం ఒకరికి పనికొస్తోందని డ్రైవరు మురిసిపోయాడు కూడా.

తీరా పరీక్ష రాసొచ్చి, ఒకటి వదిలేశానంది. తెలియకా అంటే, తెలుసంది. పదోది ‘సఫర్ ఇన్ సైలెన్స్’. ఎవరికీ చెప్పుకోకుండా లోలోపలే బాధపడటం. నాకు ఒళ్లు మండింది. ఏదో ఒకటి గిలికి రావచ్చుగా, ప్రాణంతో ఆటలా అని చెడామడా తిట్టాను. మిగిలినవాటిలో ఒక్క తప్పు దొర్లినా అంతే సంగతులు. ఫలితాలొచ్చేదాకా వారం రోజులు ఆమెను సాధిస్తూనే ఉన్నాను.

తొమ్మిదే వచ్చాయి, సరిగ్గా తొమ్మిది. జాబితా చూసి ఇద్దరం మెట్ల మీదే కూర్చున్నాం. అప్పుడడిగాను, ఎందుకు వదిలేశావని.

“నిజమైనది దొరకలేదే. ఎవరికీ చెప్పుకోని బాధంటే ఇంకొకరిది నాకెలా తెలుస్తుంది, నాదే రాయాలి కదా. మా ఆయన పోయిన రోజు నుంచి నువ్వు నా పక్కనే ఉన్నావు. నాకు దగ్గొస్తే నీళ్లు పట్టుకుని నిలబడతావు. నేను నోరు విప్పకముందే ఏమైందని కసురుతావు. ఇంక ఎవరికీ చెప్పకుండా నేను ఏడ్చిందెప్పుడు?”

నా నోరు ఊరందరికీ తెలుసు. ఆ పూట మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. ఆమె పుట్టినింటికి కోడలిగా వచ్చినందుకు మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.